లోపల పద్నాలుగు అంగలు, బయట పదహారు

బాత్,
1956 మార్చి 3

ఒరే హొరేస్,

నీ ఉత్తరం అందింది. కవరు బరువు చూసి, సంతకం పెట్టిన కాగితం వచ్చేసిందని సంబరపడి, పొయ్యి మీద పాలు వదిలేసి మరీ చింపాను. కాగితం వచ్చింది. సంతకం లేదు. దానికి తోడు మన ఇంటి కిటికీల కొలతల మీద ఏడు పేజీల వ్యాసం. ఈలోపు పాలు పొంగిపోయాయి.

నేను అడిగిందేమిటి, నువ్వు పంపిందేమిటి? మొదటి అంతస్తు కిటికీలు ఎందుకంత పొడుగో, పైకి పోయినకొద్దీ ఎందుకు పొట్టివవుతాయో నేనడిగానా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వాటిని తుడుస్తున్నదాన్ని. ఏది ఎంత పొడుగో నా భుజాలకి తెలుసు.

నీ బడిపిల్లలకి చెప్పినట్టు మళ్ళీ చెబుతాను, విను. మనింటికి ఎదురుగా ఐదంతస్తుల కట్టడం లేచింది. ముందు గదిలోకి ఎండ పదకొండింటికి వచ్చి పన్నెండున్నరకి పోతోంది. వెనక గదుల సంగతి నీకు తెలిసిందే, కిటికీ తీస్తే కొండ. నేను బతికేది పాత లేసు బాగుచేసి. తెల్లదారంలో ఎనిమిది రకాల తెలుపులుంటాయి. బల్బు కింద అన్నీ ఒకటే. పోయిన నెల ఒక పసిబిడ్డ జ్ఞానస్నానం గౌనుకి తప్పు తెలుపు కుట్టాను. వాళ్ళు వెనక్కి పంపారు. ముప్ఫై ఏడేళ్ళలో నా పని వెనక్కి రావడం ఇదే మొదలు. ఆ రోజు తిండి సయించలేదు నాకు.

అందుకే ఇల్లు అమ్ముదామంటున్నాను. కింద వీధిలో రెండు గదులు చూసుకున్నాను, దక్షిణం వైపు ఇంత పెద్ద కిటికీ. మే నెలాఖరు దాకా ఆగుతామన్నారు. మనిల్లు కొనడానికి పళ్ళ డాక్టరు లాంగ్రిష్ సిద్ధంగా ఉన్నాడు. అమ్మ ఇల్లు మనిద్దరి పేరునా రాసి పోయింది కాబట్టి నీ సంతకం కావాలి. పేరు రాయడం అంత కష్టమా? హొరేస్ అని రాసి, పక్కన ఇంటిపేరు రాయి. అంతే.

నీ అక్క,
ఈనిడ్


విట్బీ,
మార్చి 9

అక్కా,

నీ ఉత్తరంలో కోపం ఎక్కువ, సమాచారం తక్కువ.

మొదటిది, ఆ లాంగ్రిష్ ఎవరు? నీ గత మూడు ఉత్తరాల్లో అతని పేరు పదకొండుసార్లు వచ్చింది. అరవై దాటాక మనిషి జాగ్రత్తగా ఉండాలి. ఇంతకన్నా ఏమీ అనను.

రెండోది, వెలుతురు లేదంటున్నావు. ఉంది. నూటయాభై ఏళ్ళుగా గోడ వెనక నీకోసం ఎదురుచూస్తోంది. సందు వైపు గోడలో, మొదటి అంతస్తు మీద ఉన్న ఆ నల్లరంగు కిటికీ మాటేమిటి? రాతి చట్రం ఉంది, కింద గట్టు ఉంది, అద్దాలు ఉండాల్సినచోట రాయి ఉంది, దాని మీద నల్లరంగు పూసి తెల్ల గీతలు గీశారు. ఎందుకు? కిటికీల పన్ను! కిటికీకి ఇంతని సర్కారు పన్ను వేస్తే మన ముత్తాత మండిపడి మూసేయించాడు. పన్ను పోయి వందేళ్ళయింది. తెరిచే ఓపిక మాత్రం మన వంశంలో ఎవరికీ లేకపోయింది.

రుజువు కావాలా? ఎనిమిదేళ్ళప్పుడు కొలిచాను. ఆ గోడకి ఇవతలి గది లోపల పద్నాలుగు అంగలు. బయట సందులో అదే గోడ పదహారు. ఆ రెండు అంగలు ఎక్కడికి పోయాయి? అమ్మ నాకు చెప్పింది కూడా, ఆ కిటికీ వెనక గది నీదేరా అని. నీకు ముందు గది ఇచ్చారు. నాకు అదొక్కటే ఇచ్చారు.

అది తెరిపించు. తూర్పు వెలుతురు, లేసు పనికి అంతకన్నా మంచిది లేదు. తెరిపించాక అమ్మకం మాట నువ్వే ఎత్తవు.

ఇక్కడ నేను అద్దెకుంటున్న ఇంటావిడ మిసెస్ రెయిస్ట్రిక్ వారానికి ఆరు రోజులు పొగబెట్టిన చేపే వండుతోంది. ఏడో రోజు అదే చేప, చల్లగా.

నీ తమ్ముడు,
హొరేస్


బాత్,
మార్చి 14

హొరేస్,

లాంగ్రిష్‌కి ముప్ఫై నాలుగేళ్ళు. ముగ్గురు పిల్లలు. నా మీద అతనికున్న ఆశ ఒక్కటే, నేను త్వరగా ఖాళీ చేయాలని. ఈ వయసులో నా తమ్ముడికి ఇలాంటి అనుమానం వచ్చిందని టటిల్ మేస్త్రికి చెబితే నిచ్చెన పట్టుకుని నవ్వాడు.

అవును, టటిల్‌ని పిలిచాను. నీ నోరు మూయించడానికే పిలిచాను. సందులో నిచ్చెన వేసి ఆ కిటికీ మీద సుత్తితో నాలుగుచోట్ల కొట్టి చూశాడు. దిగి వచ్చి ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అమ్మగారూ, ఇది మూసిన కిటికీ కాదండీ. పుట్టినప్పటి నుంచీ ఇంతే. కిటికీ వేషం వేసుకున్న గోడ. సందులోంచి చూసేవాళ్ళకి గోడ బోసిగా ఉండకూడదని కట్టినోళ్ళు పెట్టిన సోకు. మీ పొగగొట్టాలన్నీ ఈ గోడలోంచే పైకి పోతాయి. ముందే చెబుతున్నా, నన్ను దీన్ని కొట్టమనకండి."

నీ రెండు అంగల సంగతి కూడా అడిగాను. "గోడకి మందం ఉండదా అండీ?" అన్నాడు. లెక్కల మాస్టారివి, నీకెందుకు తట్టలేదు ఇన్నేళ్ళూ?

అమ్మ చెప్పిందంటావా? అమ్మ నాకు చందమామ మీద వంటిల్లు కూడా ఇచ్చింది. నేను తాళంచెవి అడగడం లేదు.

వెలుతురే కావాలంటే నాకొకటి తోచింది. మెట్ల పైన, కప్పులో, కోడిగుడ్డు ఆకారంలో గాజు ఉండేది కదా. అది ఉన్న రోజుల్లో ఎండ నాలుగంతస్తులూ దిగి కింద నడవలో రాళ్ళ మీద పడేది. యుద్ధంలో వెలుతురు బయటికి కనబడకూడదని నువ్వే తారు పూశావు. తర్వాత బాంబులకి ఆ గాజంతా బీటలు వారిందని, ముట్టుకుంటే మీద పడుతుందని లోపల చెక్కలు కొట్టేశావు. కొత్త గాజు వేయిస్తే ఎలా ఉంటుంది? మెట్ల చీకటైనా వదులుతుంది. అమ్మ పడ్డాక ఆ మెట్లు దిగుతుంటే ఇప్పటికీ నాకు కాళ్ళు తడబడతాయి.

గాజు వేయించు, లేదా సంతకం పెట్టు. రెంటిలో ఏదో ఒకటి చెప్పు.

ఈనిడ్


విట్బీ,
మార్చి 19

అక్కా,

ఆ కప్పు జోలికి వెళ్ళకు.

ఇది మామూలుగా చెప్పడం లేదు. ఆ గాజు చట్రం కదిలితే మొత్తం మెట్ల మీదికి వస్తుంది. మన మెట్లు ఒక చివర గోడలో దిగి రెండో చివర గాలిలో నిలబడ్డవి. ఒక మెట్టు విరిగితే కింద మెట్టు, దాని కింద మెట్టు, అన్నీ పోతాయి. ఎవర్నీ పైకి ఎక్కనివ్వకు. టటిల్‌ని అసలే ఎక్కనివ్వకు.

గోడకి మందం ఉంటుందని నాకు తెలుసు. మందానికి ఒక అంగ తీసేశాను. రెండో అంగ మాటేమిటి?

నీకొక ఒప్పందం చెబుతాను. కిటికీ తెరిపించు. వెలుతురు రాకపోతే సంతకం పెట్టి పంపిస్తాను. నా మాట మీద నిలబడతాను. మేస్త్రి కాదంటే ఇంకో మేస్త్రిని చూడు. సుత్తి పట్టుకున్న ప్రతివాడూ మన ఇంటి చరిత్ర చెప్పేవాడే.

నీ తమ్ముడు,
హొరేస్

తా.క. నాకు కొంచెం దగ్గుగా ఉంది. నువ్వు అడగలేదనుకో.


బాత్,
ఏప్రిల్ 4

హొరేస్,

తెరిపించాను. నీ కడుపు చల్లబడిందా?

టటిల్ మూడుసార్లు వద్దన్నాడు. మా తమ్ముడికి వెర్రి, వాడి సంతకం కావాలి, కొట్టెయ్ అన్నాను. సోమవారం పొద్దున్న కొట్టాడు. మొదటి రాయి ఊడింది, రెండో రాయి ఊడింది, మూడోది లోపలికి పడిపోయింది. ఎక్కడికి పడింది? నీ గదిలోకి! నీ గది ఎంత ఉందో చెప్పనా? వెడల్పు నా మోచేతి పొడవు, ఎత్తు నాలుగంతస్తులు, నిండా మసి.

ఆ రాయి దొర్లుకుంటూ పోయి వంటింటి పొయ్యి వెనక పడింది. నూటయాభై ఏళ్ళ మసి దాని వెనకే వచ్చింది. ప్రతి అంతస్తులో పొయ్యిగూట్లోంచి ఒక్కసారిగా "భుస్" మని వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. టటిల్ కిందికొచ్చి "అమ్మగారూ, ఎక్కడున్నారు?" అని అడిగాడు. నేను అతని ఎదురుగానే నిలబడి ఉన్నాను.

ఇంకా ఉంది, ఆగు. వంటింటి పొయ్యి వెలుగుతూనే ఉంది కదా, ఆ పొగంతా పైకి పోవడం మానేసి నీ కిటికీలోంచి సందులోకి రావడం మొదలెట్టింది. ఇన్నేళ్ళుగా అబద్ధంగా ఉన్న కిటికీలోంచి నిజం పొగ! వీధి చివర బేకరీవాడు పరుగెత్తి ఫైరింజన్‌ని పిలిచాడు. ఇత్తడి టోపీలు పెట్టుకుని ఆరుగురు వచ్చారు. వాళ్ళందరికీ టీ ఇచ్చాను, నల్ల కప్పుల్లో, నల్ల చేతులతో. మంట ఎక్కడ అని అడిగితే, విట్బీలో ఉందన్నాను.

లేసులన్నీ ముందే పెట్టెలో పెట్టి తాళం వేశాను. నా అదృష్టం, నీ తెలివి కాదు. అమ్మ కుట్టిన తెరలు మాత్రం పోయాయి. మూడు నీళ్ళు మార్చినా తెలుపు రాలేదు.

ఇక నీ మాట మీద నిలబడు. కాగితం మళ్ళీ పంపిస్తున్నాను. సంతకం ఎక్కడ పెట్టాలో ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టాను.

మండిపోతున్న నీ అక్క,
ఈనిడ్

దగ్గు గురించి అడుగుతున్నాను. ఎలా ఉంది?


విట్బీ,
ఏప్రిల్ 9

అక్కా,

దగ్గు తగ్గింది.

అమ్మ తెరల గురించి చాలా బాధపడ్డాను. నిజంగా.

రాయి సరిగ్గా మధ్యలో కొట్టాడా? ఒక మూర ఎడమకి కొట్టి ఉంటే? సరే, వదిలేయ్. మాట ఇచ్చాను, సంతకం పెడతాను. కానీ ఒక షరతు ఉంది. కొనేవాళ్ళు ఇంటిని పరీక్ష చేయించుకుంటారు కదా, వాళ్ళ మనిషి కప్పు మీదికి ఎక్కకూడదు. ఆ మాట ఒప్పందంలో రాయించు. రాయించాక కాగితం పంపు, వెంటనే పెట్టి పంపుతాను.

ఎందుకని అడగకు. ప్రమాదం, అంతే.

హొరేస్


బాత్,
ఏప్రిల్ 13

హొరేస్,

కప్పు మీదికి ఎక్కకూడదని ఇల్లు అమ్మేవాళ్ళని ఎక్కడైనా చూశావా? లాంగ్రిష్ చెవిన పడితే కప్పే లేదనుకుంటాడు.

నీ షరతు ఆలస్యంగా వచ్చింది. నిన్న టటిల్ పైకి ఎక్కాడు. ఎక్కక తప్పలేదు. కిటికీ మళ్ళీ రాళ్ళతో మూశాక, గొట్టాల్లో ఏదైనా అడ్డుపడిందేమో పైనుంచి చూడాలన్నాడు. గంటసేపు ఉన్నాడు. దిగి వచ్చి టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి ఇంకేదో మూడిందనుకున్నాను.

"అమ్మగారూ, మెట్ల పైన గాజుకేమీ కాలేదండీ" అన్నాడు.

పగిలింది కదా అన్నాను.

"ఒక్క బీట లేదండీ. ప్రతి అద్దం వేలితో తట్టి చూశాను. తారు ఉంది, అంతే. గీకితే వచ్చేస్తుంది."

హొరేస్, అది పగిలిందని మాతో చెప్పింది నువ్వు.

ఈనిడ్


విట్బీ,
ఏప్రిల్ 18

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. మిసెస్ రెయిస్ట్రిక్ చెత్తబుట్ట చూసి, ఎవరికైనా ప్రేమలేఖ రాస్తున్నారా అని అడిగింది.

గాజు పగల్లేదు. పగిలిందని నేను అబద్ధం చెప్పాను.

తారు పూసిన రోజుల్లో నాకు ఎత్తంటే భయం లేదు. తర్వాత, నలభై రెండులో బాంబులు పడ్డ రెండు రాత్రులూ మన కప్పు మీద కాపలా నాదే. నువ్వు అప్పుడు ఆసుపత్రి పనికి వేరే ఊళ్ళో ఉన్నావు. అక్కడ నిలబడి ఏం చూశానో నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేను. రెండో పొద్దున్న చూస్తే కొండ కింద వీధి లేదు. ఆ వీధిలో నా క్లాసు పిల్లలు ఇద్దరుండేవాళ్ళు.

యుద్ధం అయిపోయాక అమ్మ గీకుడుకత్తి చేతికిచ్చి, "వెళ్ళి ఆ తారు తీసెయ్యరా, ఆరేళ్ళయింది ఎండ చూసి" అంది. వెళ్ళాను. కప్పు అంచున పిట్టగోడ మీద చెయ్యి వేశాను, అంతకన్నా ముందుకి పోలేకపోయాను. చాలాసేపు అక్కడే కూచుండిపోయాను. నలభై ఏడేళ్ళవాణ్ణి, అమ్మతో నాకు భయమేసిందని ఎలా చెప్పను? దిగి వచ్చి, బాంబులకి బీటలు వారిందని చెప్పాను. చెక్కలు కూడా కొట్టేశాను, మళ్ళీ అడక్కుండా. అమ్మ ఒక్క మాట అడగకుండా నమ్మింది.

నాలుగేళ్ళ తర్వాత, మధ్యాహ్నం మూడింటికి, అమ్మ ఆ మెట్ల మీద పడింది. నువ్వు లేసు ఇవ్వడానికి వెళ్ళావు. నేను పక్క గదిలో ఉన్నాను. పరుగెత్తుకొచ్చి ఎత్తుతుంటే, "మెట్టు కనబళ్ళేదురా" అంది. ఆ మాట డాక్టరుకీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. నలభై రోజులు మంచం మీద ఉండి పోయింది. సముద్రపు గాలి నాకు పడుతుందని విట్బీ వచ్చేశాను. పడదు. ఎప్పుడూ పడలేదు.

ఆ రెండు అంగలూ పొగగొట్టాలేనని నాకు పన్నెండో ఏట నుంచీ తెలుసు. అయినా వాటి పక్కన ఒక మూర ఖాళీ ఉండకపోతుందా, అక్కడినుంచి నీకు వెలుతురు వస్తే, ఆ పైకి ఎవరూ ఎక్కే అవసరం ఉండదు కదా అనుకున్నాను. ఇల్లు అమ్మితే మాత్రం ఎవరో ఒకరు ఎక్కుతారు.

సంతకం పెట్టాను. కాగితం ఇందులో ఉంది. షరతులేమీ లేవు.

హొరేస్


బాత్,
ఏప్రిల్ 25

ఒరే హొరేస్,

తెలిసీ నా ఇంటినిండా మసి పోయించావా! ముందు ఆ కోపం తీరనీ. ఫైరింజన్, ఆరుగురు మనుషులు, అమ్మ తెరలు. వెర్రి వెధవా. భయమేసింది అన్న రెండు మాటలు చెప్పడం కన్నా ఇల్లు కూలగొట్టించడం తేలికైందా నీకు?

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నీతో మాట్లాడలేదు. నువ్వు ఇక్కడ లేవు కాబట్టి నీకు తెలియలేదు. నీ ఫొటో గోడవైపు తిప్పి పెట్టాను. అమ్మకి కనబళ్ళేదన్న మాట నువ్వొక్కడివే ఆరేళ్ళు మోశావా, నాకు చెప్పకుండా? నేను దాన్ని విని ఏడ్చే హక్కు కూడా నాకు లేకుండా చేశావు. దానికి నిన్ను క్షమించడానికి ఇంకొంచెం టైము పడుతుంది.

నీ తప్పు లేదని రాయను. ఉంది. కానీ నేనూ ఆ చీకట్లోనే ఎక్కాను, దిగాను, పదేళ్ళు. చేతిలో కొవ్వొత్తి పట్టుకుని, గోడ తడుముకుంటూ. ఒక్కరోజూ తల పైకెత్తి చూడలేదు. ఒక్కసారి టటిల్ లాంటి మనిషిని పిలిచి పైకి ఎక్కమనలేదు. తమ్ముడు చెప్పాడు, అయిపోయింది. కాబట్టి అందులో సగం నాది. నువ్వు మొత్తం నీదే అని గుంజుకోకు.

ఇప్పుడు అసలు సంగతి విను. టటిల్ లోపలి చెక్కలు తీసేశాడు. పైకెళ్ళి ఒక్క అద్దం మీద తారు గీకాడు, జానెడు. నేను మొదటి అంతస్తు మలుపులో నిలబడి ఉన్నాను. వెలుతురు నా చేతి మీద పడింది, హొరేస్. జానెడు గాజులోంచి, అంత ఎత్తునుంచి. ఎదురింటి డబ్బా దాన్ని ఆపలేదు, అది పైనుంచి వస్తోంది కదా. పరుగెత్తి దారాలు తెచ్చి వరుసగా పరిచాను. ఎనిమిది తెలుపులూ విడివిడిగా కనబడ్డాయి. మెట్ల మీద కూచుని ఏడ్చాను. టటిల్ పైనుంచి, "గాజేమైనా పడిందా అమ్మగారూ?" అని అరిచాడు.

మిగతాది తను గీకేస్తానన్నాడు. వద్దని పంపించేశాను. అమ్మ ఆ పని నీకు చెప్పింది, ఆయనకి కాదు. గీకుడుకత్తి వంటింటి సొరుగులోనే ఉంది, చూశాను. పైకెక్కాల్సిన పని కూడా లేదు. గాజు చట్రం లోపలివైపుకి తెరుచుకుంటుందట, అద్దాలు ఒక్కొక్కటే ఊడదీసి కిందికి దింపుతానని టటిల్ అన్నాడు. నువ్వు వంటింట్లో, నేల మీద కూచుని గీకు. పక్కనే నేనుంటాను. కాళ్ళు వణికితే వణకనీ, ఎవరూ చూడరు.

కింద వీధిలో గదులు వద్దని చెప్పేశాను. లాంగ్రిష్ మొహం ముడుచుకున్నాడు. నా పనిబల్ల మెట్ల మలుపులో వేయించాను. అక్కడ నేల ఒకవైపు వాలి ఉంది, నూటయాభై ఏళ్ళ ఇల్లు మరి. బల్ల ఊగుతుంటే నీ సంతకం పెట్టిన కాగితం నాలుగు మడతలు పెట్టి కాలికింద తోశాను. సరిగ్గా సరిపోయింది.

గురువారం బండికి రా. పొగబెట్టిన చేప వండను.

నీ అక్క,
ఈనిడ్